రెండో మనిషి కావాలి

సంపాదకులకు,

నేను మిర్యాలగూడలో డిగ్రీ పిల్లలకు కోడింగ్ చెప్తాను. మొన్న ల్యాబ్‌లో ఒకమ్మాయి పైథాన్ ప్యాకేజీ (ఎవరో రాసి అందరి కోసం నెట్‌లో పెట్టిన రెడీమేడ్ కోడ్) ఇన్‌స్టాల్ చేస్తూ పేరులో రెండక్షరాలు అటుదిటు కొట్టింది. ఎర్రర్ రావాలి, రాలేదు. ఆ తప్పు పేరుతోనే ఎవరో ఒక ప్యాకేజీ పెట్టి కూర్చున్నారు. అలాంటి వాటిలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే కోడ్ ఉండొచ్చు. నెట్ పీకేసి సిస్టమ్ ఫార్మాట్ కొట్టాం. పాపం, ఆ అమ్మాయి రెండు రోజులు టెన్షన్‌తో పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూనే ఉంది.

అప్పట్నుంచి స్టాఫ్ రూమ్‌లో ఒకటే మాట: "ఎవరు పడితే వాళ్లు ప్యాకేజీలు పెడితే ఎట్లా సార్, పెద్ద కంపెనీలకే వదిలేయాలి." నేను ఒప్పుకోను. 2016లో ఒకాయన మరో ప్యాకేజీ పేరు తగాదాలో అలిగి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎంలో తను పెట్టినవన్నీ తీసేశాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి, మొత్తం 11 లైన్లు. అది లేక, దాని మీద ఆధారపడ్డ పెద్ద పెద్ద కంపెనీల పనులు కూడా ఆగాయి.

మా ఐకేపీ సెంటర్‌కు ఏ రైతైనా వడ్లు తేవచ్చు. మీటరు పెట్టి చూసి, తేమ 17 శాతం దాటితే ఆరబోసి తెమ్మంటారు. రావద్దని ఎవరూ అనరు. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ సభ్యత్వం లేనివాళ్లు ప్యాకేజీ తయారు చేయొచ్చు, కాకపోతే సభ్యుడొకరు పరిశీలించి తన పూచీ మీద ఎక్కించాలి. ఆర్చ్ అనే ఇంకో లినక్స్‌కు, వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లో ముందు చూసేవాళ్లుండరు, దించుకునేవాళ్లే స్క్రిప్ట్ చదువుకోవాలి. ఎంతమంది చదువుతారు?

మీటరుకు అందనివీ ఉంటాయి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒకరు రెండేళ్లకు పైగా బుద్ధిగా సాయం చేసి, ఒంటరిగా అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించాకే, బయటివాళ్లు సిస్టమ్‌లోకి చొరబడేలా కోడ్‌లో దొంగదారి పెట్టారు. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వబట్టి దొరికింది. మొదట్నుంచీ పక్కన రెండో మనిషి ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో.

ఆ మనుషులు మన దగ్గరున్నారు. ఫైనలియర్ పిల్లలు చాలామంది అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టును ఏటా పేరు మార్చి సబ్మిట్ చేస్తున్నారు, కొందరైతే కొనుక్కొస్తున్నారు. అడగకుండా సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బదులుగా, అందరూ వాడే ఒక ప్యాకేజీ తీసుకుని, కొత్త వెర్షన్‌లో ఏం మారిందో లైను లైనూ చదివి, తప్పు కనబడితే నిర్వాహకులకు రాసిన వాళ్లకు మార్కులివ్వాలి. నల్గొండ మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలు వచ్చే సెమిస్టర్‌లో పది మార్కులతో మొదలుపెట్టినా చాలు.

– ఒక కంప్యూటర్ లెక్చరర్, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా