ఆదివారం క్లాసులు నిజంగా పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం. బడి మానేసినోళ్ళు రాసుకునే ఓపెన్ టెన్త్ ఫీజుకి లాస్ట్ డేటు దగ్గరపడింది అని పేపర్లో ఏటా నాలుగు లైన్లు వేస్తారు కదండీ, ఫీజు కట్టాక మాలాంటోళ్ళ తిప్పలేటో ఎవరూ రాయట్లేదని నేనే రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకోండి.

నేను విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర అంగన్‌వాడీ ఆయాని. వయసు 37. ఏడో క్లాసుతో ఆపేశాను, హైస్కూలు పక్కూర్లో ఉండేది, సరిగ్గా అప్పుడే మా అమ్మ మంచాన పడింది, ఇంక ఎవరు పంపుతారు. ఆయాకి టీచర్ ప్రమోషన్ రావాలంటే టెన్త్ ఉండాలన్నారు, అందుకే చేరాను. మా ఆయన హైదరాబాద్‌లో తాపీపని, ఆయనే ఫోన్లో కట్టేయ్ కట్టేయ్ అని ఎగదోశాడు.

ఫారం నింపినాయన ఎనిమిది వేలు ఇస్తే పాస్ గ్యారంటీ అన్నాడు. నాకొద్దు బాబూ, ఫీజు వరకే కడతానన్నాను. మొహం మాడ్చుకుని తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అని టిక్కులు కొట్టేశాడు, నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు.

క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో అన్నారు. మూడు ఆదివారాలు ఆటో ఎక్కి వెళ్ళాను, మూడుసార్లూ గేటుకి తాళం. నాలుగోసారి వాచ్‌మన్ కనిపించి "క్లాసులేటమ్మా, పరీక్షకి వస్తే చాలు" అని నవ్వాడు. ఇంక తొమ్మిది చదువుతున్న మా గుంటడే నాకు మాస్టారు. ఎక్స్ అంటే ఏటిరా అంటే "నీకు తెలీనిది ఏదుందో అదే ఎక్స్ అమ్మా" అంటాడు, అలాగైతే పుస్తకం మొత్తం ఎక్సే కదా.

పరీక్షలో పక్క బెంచీ ఆవిడకి చీటీ వచ్చింది. నాకు రాలేదు, రాదు కూడా. తెలుగు, సోషల్, సైన్సు గట్టెక్కాయి, ఇంగ్లీషు 29, లెక్కలు 21, పోయాయి. దానికి నేనేం ఏడవలేదు గానీ, పాసైన మూడూ సొంతంగా రాశానన్నా ఊళ్ళో ఎవరూ నమ్మట్లేదు, "ఓపెనా" అని ఒక నవ్వు నవ్వుతారు చూడండి, అది మాత్రం తట్టుకోలేకపోయాను.

తర్వాత తెలిసింది, ఓపెన్‌లో లెక్కలే తీసుకోవాలని లేదట, ఎకనమిక్స్ ఉంది, గృహవిజ్ఞానం ఉంది! పిల్లల తూకం, గుడ్లు, పప్పు, బాలామృతం, ఏ వయసు బిడ్డకి ఎంత పెట్టాలి, రోజూ నా చేతుల మీద నడిచేది అదే కదండీ, ఆ పేపరు ఇచ్చుంటే నిద్రలో లేపినా రాసేదాన్ని.

ఈ ఓపెన్ స్కూల్ ఉమ్మడి రాష్ట్రంలో 1991లోనే పెట్టారు. 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసు లిమిట్ లేదు, ఐదు పేపర్లు, ఒక్కోదానికి 35 మార్కులు వస్తే పాస్, పాసైనవి పక్కన పెట్టుకుని మిగతావి ఐదేళ్ళలోపు రాసుకోవచ్చు. ఇంత మంచి ఏర్పాటు మాలాంటి జిల్లాలోనే కదా ఎక్కువ పనికిరావాలి, 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు దాదాపు సగమే. అలాంటిది బ్రోకర్ల చేతిలో పెట్టేశారు.

జిల్లా విద్యాశాఖ వాళ్ళని అడిగేది ఒక్కటే, ముందు చెప్పకుండా ఏదో ఒక ఆదివారం సెంటర్లకి వెళ్ళి గేటు తీసుందో లేదో చూడండి. సబ్జెక్టుల లిస్టు తెలుగులో ఊళ్ళో సచివాలయం గోడకి అంటించండి, ఎవరిది వాళ్ళు చూసుకుని టిక్కు పెట్టుకుంటారు.

అన్నట్టు నా లెక్కల పేపరు తీసేసి గృహవిజ్ఞానం పెట్టుకోవాలంటే ఎవరి దగ్గరకి వెళ్ళాలో తెలిసినవాళ్ళుంటే మీ పేపర్లోనే వేయండి, ఫారం నింపినాయన ఫోన్ ఎత్తట్లేదు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ ఆయా,
విజయనగరం జిల్లా