ఈ రాత్రి కేబుల్ షిఫ్టింగ్ – జర పైలం

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. దేవరకొండ రోడ్డు మీద పాత స్తంభాల నుంచి కొత్త స్తంభాలకు 24 ఫైబర్ల (వెలుగుతోని సిగ్నల్ మోసే సన్న గాజు పోగుల) కేబుల్ మార్చేది ఈ రాత్రే. రాత్రి 1 గంట కాకముందు ఎవ్వరూ కట్టర్ బయటికి తియ్యొద్దు.

కొత్త కేబుల్‌కు ఓటీడీఆర్ (ఫైబర్‌ల వెలుగు పంపి తెగిన చోటు, నష్టం చూపే మిషన్) పెట్టి చూసినం, బాగుంది. ఇక అతుకులే. రెండు జాయింట్ల కాడ రెండు టీములు, ఫోన్ కట్ చెయ్యొద్దు. ముందు ఫైబర్లు ఉన్న ట్యూబు రంగు, తర్వాత ఫైబర్ రంగు పైకి చదవండి, అవతలివాళ్లు అదే తిరిగి చెప్పినంకనే కొయ్యండి. ఒకటి అతికి, వెలుగు కొలిచే పవర్ మీటర్‌లో రీడింగ్ వచ్చినంకనే ఇంకోటి. ఆలస్యమైనా పర్వాలేదు.

పోయినేడు వానల్ల, పసుపు టార్చి వెలుగుల నేనే నారింజ, గోధుమ రంగులు తారుమారు చేసిన. ఒక దవాఖాన లైను తెల్లారేదాకా రాలేదు. చీటీల కిటికీ కాడ చంటిపిల్లలతో నిలబడ్డ తల్లులు ఇంకా నా కండ్లల్లనే ఉన్నరు. అందుకే తెల్ల ఎల్‌ఈడీ లైటు తప్పకుండ తెండి.

అతుకు కాడ వెలుగు నష్టం 0.1 డీబీ (డెసిబెల్) దాటితే మళ్ల కొయ్యండి. ఫైబర్ కొసల వెలుగుందా అని కన్ను పెట్టి చూడొద్దు. 1310, 1550 నానోమీటర్ల లేజరు కంటికి కనబడదు, కానీ కన్ను దెబ్బతింటది. గాజు ముక్కలు మూత డబ్బాల వెయ్యండి, చేతులు కడగకుండ ఏమీ తినొద్దు.

పైన కరెంటు తీగ ఉంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్ – కరెంటు ఆపినం, పని చెయ్యొచ్చనే అనుమతి) వచ్చిందని నోటితోని చెప్పినంకనే ఎక్కాలె. అల్యూమినియం నిచ్చెన తేవద్దు.

పాత కేబుల్ ఈ రాత్రి దించుడు లేదు. పొద్దున అన్ని లైన్లు చూసినంకనే.