పాత సేద్యాన్ని చేసి చూపే పొలం మనకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డెమాయిన్ నగరాన్ని ఆనుకుని ఉన్న అర్బన్‌డేల్‌లో 1970లో ఆరంభమైన ‘లివింగ్ హిస్టరీ ఫార్మ్స్’ అనే ఆరుబయటి మ్యూజియాన్ని ఈ వేసవిలో కుటుంబ సమేతంగా చూశాము. అక్కడ 1700 నాటి అయోవే తెగవారి పొలంలో, బెరడు కప్పిన ఇళ్ల చెంత మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండిస్తారు. 1850 నాటి పొలంలో ఎద్దులు, 1900 నాటి పొలంలో భారీ గుర్రాలు పని చేస్తాయి. కోత యంత్రాలు వచ్చాక వాటిని లాగడానికి ఎద్దుల నడక చాలకపోవడమే ఈ మార్పునకు ఒక కారణమన్న సంగతి, రెండు పొలాలనూ వెంట వెంట చూసిన పిల్లలకు ఎవరూ వివరించకుండానే అర్థమైంది. ఆనాటి దుస్తుల్లో ఉన్న సిబ్బంది కట్టెల పొయ్యి మీద వండుతూ, చేతిలో పని ఆపకుండానే జవాబులిస్తారు. 1876 నాటి వాల్‌నట్ హిల్ పట్టణంలో మా పిల్లలు కమ్మరి కొలిమిని వదిలి రానన్నారు. (ఎండ మాత్రం మన కోస్తాను తలపించింది.)

హైదరాబాద్ శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియంలో బొమ్మలు ముచ్చటగా ఉంటాయి గానీ, బొమ్మ దున్నదు. మోట తోలడం, గొర్రుతో విత్తడం, కళ్లంలో ఎడ్లతో నూర్చడం, తూర్పారబట్టడం స్వయంగా చేసిన రైతులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారికి తగిన వేతనమిచ్చి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తమ భూముల్లో కొన్ని ఎకరాలను ఇందుకు కేటాయించాలని, తొలి ప్రదర్శనలను వరి కోతల కాలంలో బడి పిల్లల కోసం ఏర్పాటు చేయాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక ప్రవాస పాఠకుడు, అయోవా