పాపకు, వాచీ గురించి

చిరంజీవి పాపకు, నాయన ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "నాయనా, రెండు లక్షలు పెట్టి వాచీ కొనుక్కోవాలనుంది, తప్పంటావా" అని అడిగితే, తర్వాత చెప్తాలే అని పెట్టేశాను. రెండు ముక్కల్లో తేల్చేయాలనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

తప్పు కాదు, కొనుక్కో. నీ కష్టార్జితం, ఇంటికి పంపాల్సింది ఏ నెలా తప్పకుండా పంపుతున్నావు. ఒక్కటే చెప్తాను. బీరువాలో దాచుకోవడానికైతే మాత్రం కొనద్దు.

గుంతకల్లులో గూడ్స్ గార్డుగా చేరిన కొత్తలో హెచ్‌ఎంటీ జనతా కొన్నాను. నువ్వు ఉద్యోగం చేస్తున్న బెంగళూరులోనే, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాళ్ళు వాచీలు చేయడం మొదలుపెట్టారు. 2016లో ఆ వాచీల వ్యాపారం మూసేస్తున్నారని పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పొద్దున్నే మొహం కడుక్కోగానే వాచీకి కీ ఇచ్చేవాణ్ణి. రాత్రిపూట బండిని ఏ చిన్న స్టేషన్లోనో లూప్ లైన్లో పెట్టేస్తే గంటలకొద్దీ బండి చివరి గార్డు పెట్టెలో, అదే బ్రేక్‌వ్యాన్‌లో, ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. చుట్టూ శనక్కాయ చేలు, చీకటి. అప్పుడు వాచీని చెవి దగ్గర పెట్టుకుంటే తోడు ఎవరో ఉన్నట్టుండేది. లోపల చుట్టిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోవాలని చూస్తుంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ దాని బలాన్ని కొంచెం కొంచెంగా వదిలిస్తుంది. మనకు వినబడే టిక్ టిక్ అదే. జనతా గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. ఒక రాత్రి లెక్క కట్టాను. రోజుకు 4,32,000 అయింది. కలియుగానికి మన పెద్దలు చెప్పే సంవత్సరాల లెక్క కూడా అదే. ఆ రాత్రి ఒళ్ళు జలదరించింది పాపా, ఇప్పటికీ తలుచుకుంటే అంతే.

పెళ్ళిలో ఎవరో క్వార్ట్జ్ వాచీ, అంటే బ్యాటరీతో నడిచేది, పెట్టారు. దాంట్లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. టైం మాత్రమే కావాలంటే దానికి మించింది లేదు, ఎంత ఖరీదైన కీ వాచీ అయినా దానిముందు వెనకబడాల్సిందే. నేనూ జనతాను బీరువాలో పడేసి పదేళ్ళు మర్చిపోయాను. తీసి చూస్తే లోపల నూనె గట్టిపడి ఆగిపోయింది. బాగు చేయిద్దామని ఒక షాపులో ఇస్తే, పాత డయల్ బాగోలేదని నన్నడక్కుండానే కొత్త రంగు వేసి తళతళలాడించి ఇచ్చారు. వాచీ నడుస్తోంది. కానీ నేను అన్ని రాత్రులు చూసిన ముఖం మళ్ళీ రాలేదు. నువ్వు ఎప్పుడు సర్వీసుకిచ్చినా డయల్ ముట్టుకోవద్దని, కేసు పాలిష్ చేయొద్దని రాసిచ్చి మరీ ఇవ్వు. ఐదారేళ్ళకోసారి విప్పి శుభ్రం చేయించాలి, దానికయ్యే ఖర్చు కొనేముందే అడుగు.

ఇక ఏది కొనాలో. పేరు చూసి కొనద్దు, చేతికి పెట్టుకుని చూడు. నీది సన్నటి మణికట్టు, వాచీ వెడల్పు 36 మిల్లీమీటర్లు దాటితే బెల్టు తగిలించే కొమ్ములు చేతి బయటికి పొడుచుకొస్తాయి. జర్మనీలో గ్లాస్‌హ్యూటే అనే చిన్న ఊరుంది, 1845 నుంచీ అక్కడ వాచీలే బతుకుతెరువు. ఆ ఊరి నోమోస్ వాళ్ళ టాంజెంటెలో 35 మిల్లీమీటర్లది కీ ఇచ్చేది ఉంది. నా మనసు దానిమీదే ఉంది. ఆటోమేటిక్ అయితే చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు తిరిగి స్ప్రింగు అదే చుట్టుకుంటుంది, సౌకర్యమే. కానీ పొద్దున్నే వేళ్ళతో కీ ఇస్తుంటే స్ప్రింగు బిగుసుకోవడం తెలుస్తుంది చూడు, ఆ సుఖం దాంట్లో ఉండదు.

వీలైతే స్విస్ కంపెనీ జేగర్ లెకూల్త్ర్ వాళ్ళ రివర్సో కూడా ఒకసారి చూపించమను. మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల వాచీ అద్దాలు పగిలిపోతున్నాయని, కేసును వెనక్కి తిప్పేలా 1931లో చేశారు. నీ రెండు లక్షలకు అందదు, ఊరికే చూడు. ఆ రెండు లక్షలూ ఖర్చు పెట్టి తీరాలనేం లేదు. హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ కీ వాచీ అందులో సగం కూడా ఉండదు, ఒకసారి కీ ఇస్తే 80 గంటలు నడుస్తుంది.

వాచీ నీళ్ళకు తట్టుకునేది 30 మీటర్లని రాసుంటే చేతులు కడుక్కోవడం వరకే, ఈతకు పనికిరాదు. బ్యాగు అయస్కాంతం బొత్తం దగ్గర, స్పీకర్ల దగ్గర పెట్టకు, బ్యాలెన్స్ చక్రానికుండే సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరిగెత్తుతుంది. తేదీ ఉన్నదైతే రాత్రి 9 నుంచి 3 దాకా తేదీ మార్చకు, లోపలి చక్రాల పళ్ళు విరుగుతాయి.

గీత పడుతుందని భయపడి మాత్రం తియ్యద్దు. వంట చేసేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, అన్నిటికీ అదే పెట్టుకో.

దసరాకు అనంతపురం వచ్చేటప్పుడు చేతికి పెట్టుకునే రా. రాత్రి కరెంటు పోయినప్పుడు మిద్దె మీద కూర్చుని, నా జనతా పక్కన పెట్టి రెండూ విందాం. నీది నాదానికంటే తొందరగా కొట్టుకుంటుంది.

మీ నాయన