ఈ చలికాలం హోంవర్క్: ఒక కుండీ, గుప్పెడు విత్తనాలు

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

ఎండ తీవ్రత తగ్గింది. తెల్లవారుజామున పిల్లలు దుప్పట్ల కోసం కొట్లాడుకునే రోజులు వచ్చేశాయి. ఈ నెల వార్తాలేఖలో పరీక్షల గురించి ఏమీ రాయడం లేదు. దానికి బదులు ప్రతి విద్యార్థికీ ఒక హోంవర్క్ ఇస్తున్నాం. ఇంట్లో ఏదో ఒక చల్లకాలపు కూరగాయను విత్తనం నుంచి పెంచాలి. దీనికి మార్కులు లేవు, చార్టులు లేవు, ప్రదర్శన లేదు. రోజూ ఫొటో తీసి క్లాస్ గ్రూపులో పెట్టాల్సిన పని అసలే లేదు.

షరతు మాత్రం ఒకటి ఉంది. ఆ కుండీ పూర్తిగా బిడ్డదే. మట్టి కలపడం, విత్తడం, నీళ్లు పోయడం, చివరికి తడి ఎక్కువై మొక్క కుళ్లిపోతే దాన్ని పీకి చూడడం కూడా బిడ్డ పనే. స్కూలు ప్రాజెక్టులు రాత్రి పదింటికి ఎవరు చేస్తున్నారో మాకు తెలియక కాదు. థర్మోకోల్ అంత నీటుగా కోయడం మూడో తరగతి పిల్లాడి వల్ల కాదు కదా! ఈసారి అలాంటి టెన్షన్ మీకు వద్దు. నర్సరీలో పెరిగిన మొక్కను కొనితెచ్చి కుండీలో దించితే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, పిల్లాడికి అందులో చేయడానికి పనేమీ మిగలదు.

ఈ కాలమే ఎందుకంటారా? ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, బఠానీ, పాలకూర, మెంతి, కొత్తిమీర, క్యాబేజీ, కాలీఫ్లవర్, లెట్యూస్ లాంటివి దాదాపు 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతాయి. మట్టి వేడిగా ఉంటే లెట్యూస్ విత్తనం బతికి ఉండి కూడా మొలవదు, నిద్రలోనే ఉండిపోతుంది. ఎండ ముదిరాక వేసిన కొత్తిమీర నాలుగు ఆకులు వేసిందో లేదో పూత కాడ తన్నుకొస్తుంది, ఇక ఆకు పెరగదు. బఠానీ పూత రాలిపోతుంది. కాబట్టి చలి పూర్తిగా కుదురుకున్నాక చూద్దాంలే అని ఆగకండి. రాత్రులు చల్లబడడం మొదలైతే చాలు, విత్తుకోవచ్చు.

ఏ వయసుకి ఏ మొక్క అన్నది కొంచెం ఆలోచించి ఎంచుకోండి. చిన్న క్లాసుల పిల్లలకు ఓపిక తక్కువ. వాళ్లకు ముల్లంగి, మెంతి సరిపోతాయి. ముల్లంగి మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది. గుండ్రంగా ఉండే చిన్న రకాలైతే 25 నుంచి 30 రోజుల్లో తవ్వుకోవచ్చు. మెంతి కూడా అంతే తొందరగా పైకి వస్తుంది. మధ్య క్లాసుల పిల్లలకు బఠానీ బాగుంటుంది. తీగ పాకించడానికి పుల్లలు గుచ్చి దారం కట్టే పని దొరుకుతుంది. క్యారెట్ పెద్ద పిల్లలకే ఇవ్వండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ చోటు ఎక్కువ తింటాయి, పురుగూ ఎక్కువే. పెరడు ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకు కాస్త అలవాటు ఉంటే తప్ప మొదటిసారే వాటి జోలికి వెళ్లొద్దని నా సలహా.

క్యారెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు సగంలో వదిలేసేది దాన్నే. ఆ విత్తనం మొలవడానికి పది రోజుల నుంచి మూడు వారాల వరకు పడుతుంది. అన్నాళ్లూ పై మట్టి ఆరకూడదు. ఒక పల్చని గోనెపట్టా కప్పి దాని మీద నీళ్లు చిలకరించి, మొలక కనపడగానే పట్టా తీసేస్తే పని తేలిక. వచ్చిన మొలక క్యారెట్‌లా ఉండదు. సన్నగా, పొడవుగా రెండు ఆకులు, అచ్చం గడ్డిపోచల్లా ఉంటాయి. కలుపు అనుకుని పీకేసేది ఇప్పుడే. ఆ రెండింటి మధ్య నుంచి ఈకలా చీలికలున్న మూడో ఆకు వచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టకండి. క్యారెట్ విత్తనాలతో పాటు అదే వరుసలో అక్కడక్కడ ముల్లంగి గింజలు కలిపి వేయించండి. ముల్లంగి ముందు మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తుంది, క్యారెట్ ఊరే సమయానికి తవ్వకానికి వచ్చి చోటు ఖాళీ చేస్తుంది. ఎదురుచూసే పిల్లలకు మధ్యలో ఒక పంట చేతికి వస్తుంది కూడా. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, క్యారెట్‌ను నారు పోసి నాటకూడదు. వేరు దెబ్బతింటే గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. మట్టిలో రాళ్లున్నా, మాగని పశువుల ఎరువు వేసినా అంతే. కుండీ లోతు 25, 30 సెంటీమీటర్లయినా ఉండాలి. ఆకుకూరలకైతే 15 సెంటీమీటర్లు చాలు. పగిలిన బకెట్ అడుగున నాలుగు చిల్లులు పెట్టినా సరిపోతుంది.

మట్టికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. రెండు పాళ్లు మామూలు మట్టి, ఒక పాలు బాగా మాగిన ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరి పొట్టు. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద విడిపోవాలి. విత్తనం ఎంత మందం ఉందో దానికి రెండు మూడింతల లోతున వేస్తే చాలు. లెట్యూస్ విత్తనానికి వెలుతురు కావాలి కాబట్టి పైన చల్లి అరచేత్తో మెల్లగా అద్దితే సరి. కొత్తిమీర వేసేవాళ్లు ధనియాలను ఒక గుడ్డలో వేసి, పైన గాజు సీసా దొర్లించి రెండు బద్దలు చేయాలి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి. మరీ గట్టిగా నొక్కితే పొడి అవుతుంది, పిల్లలు రెండుసార్లలో పట్టేస్తారు.

నీళ్ల దగ్గరే అసలు గొడవంతా. పిల్లలకు నీళ్లు పోయడమంటే సరదా, మొక్కలు చచ్చేది కూడా ఆ సరదాకే. తడి ఆరని మట్టిలో లేత మొలకలు కాండం మొదట్లో సన్నబడి పక్కకు వాలిపోతాయి, దాన్ని నారుకుళ్లు అంటారు. విత్తనాలు మొలిచేదాకా పై మట్టి తడిగా ఉంచి, ఆ తర్వాత మాత్రం వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే పోయాలన్న నియమం పెట్టండి. పొద్దున స్కూలుకి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. ఆ టైములో షూ లేసులు, టిఫిన్ డబ్బా, వెతికినా దొరకని ఐడీ కార్డు, ఇవన్నీ ఉంటాయని తెలుసు. అయినా సాయంత్రం కంటే పొద్దునే మేలు. రాత్రంతా ఆకుల మీద తడి నిలిస్తే తెగుళ్లు వస్తాయి. కూరగాయలు కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు, గిన్నెలు తోమిన సబ్బు నీళ్లు మాత్రం వద్దు. ఇద్దరు పిల్లలుంటే రెండు కుండీలు పెట్టండి. ఒక్క కుండీకి ఇద్దరూ యజమానులైతే రోజుకి రెండుసార్లు నీళ్లు పడతాయి, లేదంటే వారం పాటు అసలు పడవు.

ఒత్తు మొక్కలు తీసేయడం పిల్లలకు చాలా కష్టంగా ఉంటుంది, కొందరు ఏడుస్తారు కూడా. తను మొలిపించిన దాన్ని తనే పీకాలంటే ఎవరికైనా మనసొప్పదు. బీట్‌రూట్ ఒక్కో గింజ నిజానికి కొన్ని విత్తనాల గుత్తి, కాబట్టి ఒక్కచోటే మూడు నాలుగు మొలకలు వస్తాయి. వాటిలో బలమైనది ఒక్కటి ఉంచకపోతే ఏదీ ఊరదు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, కత్తెరతో మట్టి మట్టానికి కత్తిరించమనండి. కత్తిరించిన లేత ఆకులు తినడానికి బాగుంటాయి. అది చెబితే ఏడుపు కొంత తగ్గుతుంది.

ఆకుల అడుగున పచ్చగా, నల్లగా గుంపులుగా కనిపించేది పేనుబంక. మొదట్లోనే చూస్తే నీళ్ల ధారతో కడిగేస్తే పోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. ఈ ఒక్క పని పెద్దవాళ్లు చేయండి. పిల్లలున్న ఇంట్లో రసాయన మందులు వద్దే వద్దు.

బఠానీ వేసిన ఇళ్లలో మాత్రం కాయలు కోశాక మొక్కను పారేయకండి. మెల్లగా వేళ్లతో సహా తవ్వి, నీళ్లలో జాడించి చూపించండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తే, అక్కడ రైజోబియం బాక్టీరియా పని చేసిందన్నమాట. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చేది అదే. ఎనిమిదో తరగతి సైన్సు పాఠంలో ఈ బొమ్మ ఉంటుంది, కానీ గోటికి అంటిన ఆ రంగు చూసిన పిల్లలకు మళ్లీ చదివించక్కర్లేదు. మొక్క ముసలిదైతే బుడిపెలు ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉండొచ్చు, అందుకని పూత సమయంలోనే ఒక మొక్కను దీనికోసం వదులుకుంటే ఇంకా మంచిది.

తాను పెంచిన పాలకూర కాబట్టి మీ అబ్బాయి మారు మాట్లాడకుండా తినేస్తాడని నేను హామీ ఇవ్వలేను. రుచి చూస్తే చాలు, బలవంతం చేయకండి. మొక్క ఎండిపోయినా తిట్టొద్దు. ఏం జరిగిందో డైరీలో తన మాటల్లో రెండు వాక్యాలు రాస్తే హోంవర్క్ పూర్తయినట్టే. పచ్చగా ఉన్న కుండీకి, ఎండిన కుండీకి మా దగ్గర ఒకటే టిక్కు. అయితే ఆ రెండు వాక్యాలు మీరు చెప్పి రాయించినవైతే టీచర్లు ఇట్టే కనిపెడతారు.

శుక్రవారం ప్రతి పిల్లవాడి బ్యాగులో విత్తనాల పొట్లం వస్తుంది. అన్నీ ఒకేసారి వేయించకండి. సగం ఇప్పుడు, మిగతా సగం రెండు వారాల తర్వాత వేస్తే మొదటిది పాడైనా రెండోది ఉంటుంది. ఆకుకూరలకు రోజుకి మూడు నాలుగు గంటల ఎండ, దుంపలకు, బఠానీకి ఆరు గంటల ఎండ అవసరం. మీ ఇంట్లో అంత ఎండ పడే చోటు లేకపోతే సంకోచించకుండా క్లాస్ టీచర్‌కి చెప్పండి, స్కూలు ఆవరణలో ఒక మడి అలాంటి పిల్లల కోసమే సిద్ధం చేశాం. వారాంతంలో ఊరెళ్తే పక్కింటివాళ్లకు నీళ్ల సంగతి అప్పజెప్పే పని కూడా పిల్లలతోనే చేయించండి. మట్టి పని యూనిఫారంలో వద్దు, సెలవు రోజు పాత బట్టల్లో చేయించండి. పొట్లం అందినట్టు డైరీలో సంతకం చేసి సోమవారం పంపగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు