బోరు నీటిలో యురేనియం కూడా చూడాలి
ఉదయగిరి మెట్ట గ్రామాల్లో బోరు నీటికి ఫ్లోరైడ్ పరీక్షతో సరిపెట్టకుండా యురేనియం కూడా తప్పక చూడాలి. రాతి పొరల నుంచి నీటిలోకి దిగే ఈ లోహానికి రంగు, రుచి, వాసన తెలియవు, కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగితే ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మా వైపు బోర్లు ఇంకా ఇంకా లోతుకు దించుతున్నారు, ఆ నీళ్లే పిల్లలకు పడుతున్నాం. ఆర్‌వో ప్లాంటు యురేనియాన్ని చాలావరకు తీసేస్తుంది గానీ, తీసిందంతా వ్యర్థజలంలోనే చేరుతుంది. ఆ నీళ్లు కాలువలోకి పోతుంటే గొడ్లు తాగుతున్నాయి. గ్రామీణ నీటి సరఫరా అధికారులు ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి ప్రతి తాగునీటి బోరునూ పరీక్షించి, వచ్చిన అంకెలు సచివాలయం గోడమీద రాయించాలి. పరిమితి మించిన చోట ఆ బోరు ఆపి, ట్యాంకరు నీళ్లివ్వాలి.
– ఒక పాఠకురాలు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా