ప్రకాశం జిల్లా అగ్నిమాపక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా నాన్న ఈ జిల్లాలోనే ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఎండాకాలం వస్తే మా ఇంట్లో టెన్షన్. గడ్డివాములు, పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు, గోడౌన్లు... ఎప్పుడు ఎక్కడినుంచి ఫోన్ వస్తుందో తెలియదు. ఒకరోజు మంటలార్పి వచ్చి గుండె పట్టుకుని కూలబడ్డారు. అదృష్టం, దక్కారు. అప్పటిదాకా ఆయనకు బీపీ ఉందనే ఎవరికీ తెలియదు.

గంటల తరబడి కూర్చున్న మనిషి బెల్లు మోగగానే పరుగెత్తాలి. గుండె ఒక్కసారిగా అదురుతుంది. ఆపైన వేడి, పొగ, బరువైన హోస్ పైపు, ఒళ్లంతా చెమట. అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌మన్లలో దాదాపు సగం మంది గుండె ఆగే పోతున్నారట, కాలి కాదు. అందుకే అక్కడ 1997లో ఫైర్‌మన్ల యూనియన్, ఫైర్ చీఫ్‌ల సంఘం కలిసి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టాయి. సిబ్బందిలోనే కొందరికి శిక్షణ ఇచ్చి తోటివాళ్లకు వ్యాయామం నేర్పే ట్రైనర్లుగా తయారుచేస్తున్నారు.

నాకు నచ్చింది ఇదే. బయటి డాక్టరుకు చెప్పని నొప్పి, నిద్రపట్టని రాత్రి, పక్క మంచం మీద పడుకునే సహోద్యోగికి చెబుతారు. మా నాన్నా అంతే, అమ్మకు కూడా చెప్పలేదు.

ఒంగోలు, జిల్లాలోని మరో స్టేషన్ నుంచి ఇద్దరిద్దరిని ఎంచి శిక్షణ ఇప్పించండి. షిఫ్టులో అరగంట వ్యాయామం, నెలకోసారి బీపీ, షుగర్ పరీక్ష చాలు. ఆ రిపోర్టు చూసి ఎవరినీ శిక్షించబోమని ముందే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే దాచేస్తారు. వచ్చే ఎండాకాలంలోపే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక ఫైర్‌మన్ కూతురు, ఒంగోలు